కాగుకు ఆరో చెవి

పలమనేరు దాపున ఒక ఊళ్లో, గంగజాతరకు అంబలి పోసే పెద్ద కాగును ఏటా కొత్తగా చేసేవాడు కుమ్మరి శాంతయ్య. దానికి ఐదు చెవులు, ఊళ్లోని ఐదు వీధులకు ఒక్కొక్కటి. వీధి పెద్దలు తలా ఒక చెవి పట్టి, నిండు కాగును గంగమ్మ గుడి చుట్టూ తిప్పి దించుతారు. కొబ్బరిచిప్పతో పోసే తొలి దోసిలి చెవి పట్టినవాడిది. ఆ తరువాత అతని వీధివాళ్లది. అందరూ తాగాక అడుగున మిగిలింది కాగు చేసినవాడిది. ఇందులో అన్యాయముందని శాంతయ్యకు చాలాకాలం తోచలేదు. పుట్టినప్పటినుంచి చూస్తున్న ఏర్పాటులో అన్యాయాన్ని కనిపెట్టడం ఎంత తెలివిగలవాడికైనా సులభం కాదు.

కనిపెట్టింది అతని భార్య రాఘవమ్మ.

"అందురికీ చెవులు పెడతావు, నీకేదీ? ఊరు తాగి మిగిల్చింది తాగేదానికేనా పొద్దుగూకులూ మన్ను తొక్కేది?"

"మిగిలిందైనా అంబలే గదే."

"అయితే ఈసారి నువ్వొక్కడివే తాగు. నేను రాను."

పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది జాతరకు శాంతయ్య కాగుకు ఆరు చెవులు పెట్టాడు. అది తెగువ కాదు, ఇంట్లో నెమ్మది కోసం చేసిన పని. అయితే చెవికీ చెవికీ నడుమ ఎడం మాత్రం ఆరింటికీ సమంగా వచ్చింది.

వేపమండలు కట్టి తెచ్చినందువల్ల, అంబలి నిండేదాకా ఎవరూ చెవులు లెక్కపెట్టలేదు. చూసినవాడు బజారువీధి పెద్ద చెంగల్రాయుడు.

"ఇదేందప్పా శాంతయ్యా, ఆరు చెవులుండాయి?"

శాంతయ్య తానూ అప్పుడే చూస్తున్నట్టు కాగు చుట్టూ చూశాడు. "ఆరే ఉండాయి, నాయుడా."

"ఎవురిదబ్బా ఆరోది?"

"చేసినోడిది!" అంది గుంపులోంచి రాఘవమ్మ.

"చేసినోడు చేసి పక్కన నిలబడల్ల. ఎత్తండప్పా!"

ఐదుగురూ ఎత్తారు. పట్టేవాడు లేని వైపు కాగు ఒరిగింది. ఖాళీ చెవికి పక్కనే ఉన్న చెంగల్రాయుడి కొత్త పంచెమీద అంబలి ధారకట్టింది.

"పట్టుకోరా, సూస్తా నిలబడినావే!"

శాంతయ్య పట్టుకున్నాడు. ఆ కేక అనుమతా, కంగారా అని పెద్దలు తరువాత చాలాసేపు తర్కించారు. చెవి పట్టినవాడికి దోసిలి పోయకుండా ఉండే దారి మాత్రం ఆచారంలో దొరకలేదు. శాంతయ్య తాగాడు. ఊరికి ఏ కీడూ జరగలేదు.

మరుసటి ఏడు అతను పచ్చికాగుకు ఆరు చెవులూ అతికిస్తుండగా, జాతరలో డప్పు కొట్టే మునిరామయ్య వచ్చి వాకిట్లో కూర్చున్నాడు.

"అన్నా, నాకూ ఒగ చెవి పెట్టన్నా. కాగు దించేదాకా కొట్టేది నేనే గదా."

శాంతయ్య చేతిలోని మట్టిముద్దను కాసేపు పిసికాడు.

"ఆరుకంటే చోటు లేదప్పా," అన్నాడు. "ఇంగొకటి పెడితే పగిలిపోతాది."

రాఘవమ్మ పక్కనే ఉంది. ఆరో చెవిని తడిచేత్తో నునుపు చేస్తోంది.