చిటికెడు మైలుతుత్తం

చిత్తూరులో గుమాస్తాగా ముప్పై ఏళ్లు నేను కాగితాలు కదిలించాను. నా భార్య వాటికి కాళ్లూ రెక్కలూ పెట్టింది. ఎవరి కాగితాలు ఎగిరేలా ఉండేవో వేరే చెప్పక్కర్లేదు.

పులికాట్ వెళ్లి ఫ్లెమింగోలను చూసొచ్చినప్పటి నుంచి ఆమెకు ఆ పక్షుల పిచ్చి పట్టింది. ఇనుప తీగతో కాళ్లు, నలిపిన పాత పేపర్లతో ఒళ్లు, దానిమీద జిగురు పూసిన కాగితం పొరలు. అసలు పని ఈకలది. పల్చటి గులాబీ కాగితాన్ని కత్తిరించి, ఒక్కో ఈకనూ కత్తెర వెన్నుమీద లాగి వంపు తెప్పించేది. తోక దగ్గర మొదలుపెట్టి, వరుసమీద వరుస కప్పుకుంటూ మెడ దాకా అంటించేది. ఉద్యోగంలో నేను పీకిందేమీ లేదు గానీ, ఇంట్లో ఈకలు కత్తిరించడంలో మాత్రం కాస్త పైకొచ్చాను. ఒకసారి వరుస తప్పించి అంటిస్తే చేతిమీద ఒకటి వేసింది.

"ఏ ఈక యాడిదో ఆడే ఉండాలయ్యా. నీ ఫైళ్ల మాదిరి యాడంటే ఆడ తోసేస్తే పక్షి ఒప్పుకోదు."

జిగురు కాచడం కూడా నా పనే. మైదా ఉడికేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వెయ్యాలి. అది విషం, పురుగు ముట్టదు. జిగురు కొంచెం నీలంగా మారుతుంది.

కడుపులో జబ్బు ముదిరాక, మంచంమీద దిండ్లకు ఆనుకునే ఆమె చివరి పక్షిని చేసింది. పల్చటి ఈక లేవాలంటే వేలు నాలుకతో తడి చేసుకునే అలవాటు ఆమెది. జిగురు అంటిన వేలే. ఇన్నేళ్లూ నేను పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం ఆ వేలు ఎన్నిసార్లు నోటికి వెళ్లిందో లెక్కపెట్టేవాణ్ని. మానమంటే మానే మనిషి కాదు. అందుకని తుత్తమే మానేశాను. తెల్లగా ఉంటే పట్టేస్తుందని, బట్టలకు వేసే నీలిమందు ఒక్క చుక్క కలిపాను. నీలిమందు మాత్రం అమృతమా అని నన్ను నేను అడిగే తెలివి నాకు లేకపోయింది.

గిన్నె ముందు పెడితే అనుమానంగా చూసింది.

"తుత్తం ఏసినావా?"

"ఏసినాను."

"సూడు, ఇది నా కడపటి పక్షి. దీనికి పురుగు పట్టిందంటే నిన్ను వదల్ను."

"వదలొద్దులే" అన్నాను. నవ్వింది.

మెడ కింద రెండు వరుసలు మిగిలుండగానే పోయింది.

మొన్న వానలు తగ్గాక అల్మారా తుడవబోయాను. పాత పక్షులు నాలుగూ చేసిన నాటిలాగే ఉన్నాయి. చివరిదాని కాళ్ల దగ్గర గులాబీ పొడి, రాలిన ఈకలు. వెండి రంగు పురుగులు సరిగ్గా జిగురున్న చోటల్లా తిన్నాయి. నన్ను చూడటానికొచ్చిన ఆమె చెల్లెలు నా పక్కనే ఉంది.

"పారేద్దాం బావా, తక్కినవాటికీ పాకుతాది."

"పాకదు. వాటిలో తుత్తం ఉండాది."

"దీంట్లో లేదా?"

మొదటిసారి ఒకరికి చెప్పాను.

"అక్కకు చెప్పినావా?"

"లేదు."

మరదలు వెళ్లాక జిగురు కాచాను, ఈసారి తుత్తం వేసి. రాలిన ఈక ఒకటి అల్మారా బల్లను కరుచుకుని ఉంది, గోటికి రాలేదు. వేలు నాలుకతో తడి చేసుకుని తాకితే లేచింది. అది ఏ వరుసదో నాకు తెలియలేదు. గిన్నెలో జిగురు మీగడ కట్టేదాకా దాన్ని వేలిమీదే ఉంచుకుని కూర్చున్నాను.