నేను తెంపిన ఎర్తు వైరు

సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ నా వందనాలు. రెండేళ్ళ క్రితం మన నిడదవోలు మందిరంలో ఇదే చోట నిలబడి నేనొక సాక్ష్యం చెప్పాను, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దేవుడు నా చేతిపనిని ఆశీర్వదించాడని, మా ఇంటి పక్క షెడ్డులో తయారైన మ్యూజిక్ సిస్టముల కోసం హైదరాబాదులో, బెంగళూరులో పెద్దవాళ్ళు నెలల తరబడి ఎదురుచూస్తున్నారని చెప్పాను. మీరు చప్పట్లు కొట్టారు. పాస్టరు అయ్యగారు నా తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. ఆ సాక్ష్యంలో సగం అబద్ధం! ఆ మాట ఒప్పుకోవడానికే ఇవాళ వచ్చాను, ఇంట్లో నుంచి బయలుదేరాక రెండుసార్లు వెనక్కి తిరిగి, మళ్ళీ వచ్చాను.

నా పని సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. నేను ప్రకాశాన్ని. కుర్రతనంలో పెళ్ళిళ్ళకు మైకు సెట్లు కట్టే షాపులో పనిచేశాను, అక్కడే ఆంప్లిఫయరు విప్పడం, బిగించడం నేర్చుకున్నాను. తరవాత పాతకాలం రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో, టేకు పెట్టెలో, ఒక్కొక్కటే చేత్తో కట్టే ఆంప్లిఫయర్లు మొదలుపెట్టాను. వాటిలో పాట వింటే పాడే మనిషి గదిలో కూర్చున్నట్టు ఉంటుంది, నేను గొప్ప చెప్పుకోవడం కాదు, విన్నవాళ్ళు కళ్ళు మూసుకుని కూర్చుండిపోయేవారు. ఆ శబ్దానికి ప్రాణం లోపల ఉండే ట్రాన్స్‌ఫార్మరు, రాగి తీగ చుట్టిన చిన్న దిమ్మ. అది నేను చుట్టింది కాదు, తణుకులో ఎస్తేరక్క చుట్టింది.

ఎస్తేరక్క నాకు రక్తసంబంధం కాదు. వాళ్ళాయన పొలం మోటార్లకు వైండింగ్ చేసేవాడు, ఆయన దగ్గర పని నేర్చుకుని ఆయన పోయాక షాపు తనే నడిపింది. మోటార్ల పని మధ్యలో నా ట్రాన్స్‌ఫార్మరు ఒక్కటి చుట్టడానికి ఆవిడకు నెల పైనే పట్టేది. రాగి తీగ ఒక వరస చుట్టడం, దాని మీద కాగితం పరచడం, వేలితో నిమిరి చూడడం, మళ్ళీ ఒక వరస. ఆఖరి కాగితం మీద పెన్సిలుతో 'ఎస్తేరు' అని రాసేది. ఎందుకక్కా అంటే, "కాలిపోతే ఎవరి దగ్గరికి రావాలో తెలియాలి కదా తమ్ముడూ" అనేది. వాళ్ళాయన అలవాటట అది.

హైదరాబాదులో ఒక షోరూం ఆయన నా సిస్టం విని ముచ్చటపడ్డాడు. అమ్మిపెడతానన్నాడు. తణుకు వచ్చి ఎస్తేరక్క ఫొటో తీసుకుని, గోదావరి నీళ్ళు తాగిన ఒక తల్లి చేత్తో చుట్టినది అని అందమైన కార్డు అచ్చువేయించి ప్రతి పెట్టెలోనూ పెట్టించాడు. కొనేవాళ్ళు శబ్దం కంటే ముందు ఆ కార్డునే ప్రేమించారు! ఆర్డర్లు పెరిగాయి, రెండు నెలలకు ఒకటి చేసేవాడిని నెలకొకటి కావాలన్నారు, అక్కను తొందర పెట్టాను.

"తొందరపెడితే కాగితం మడతపడిపోద్ది తమ్ముడూ, లోపల ఏం జరిగిందో పైకి తెలీదు," అంది.

"పైకి తెలియనప్పుడు బాధేంటక్కా?" అన్నాను నేను. నవ్వుతూనే అన్నాను. ఆవిడ మాత్రం నవ్వలేదు.

ఆ వారమే వేరే ఊరి నుంచి రెడీమేడ్ ట్రాన్స్‌ఫార్మర్లు తెప్పించాను. నల్ల రేకు డబ్బాలో పెట్టి పైన తారు పోసేస్తే లోపల ఏముందో దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు, సహోదరులారా, దేవుడికి తెలుస్తుందన్న మాటే ఆ రోజు నాకు అడ్డు అనిపించలేదు! ఎస్తేరక్క చేతిరాతను చూసి రబ్బరు స్టాంపు చేయించాను. 'ఎస్తేరు' అని ప్రతి డబ్బా లేబులు మీదా గుద్దాను. అక్క దగ్గరికి వెళ్ళి, ఆర్డర్లు తగ్గిపోయాయి, కొన్నాళ్ళు పని ఉండదు అని చెప్పాను.

ఆవిడ నా మీద జాలిపడింది. చేతులు తుడుచుకుని, అక్కడే ఆ తీగచుట్టల మధ్య మోకాళ్ళూని నా కోసం ప్రార్థన చేసింది. "ప్రభువా, నా తమ్ముడు కష్టపడే మనిషి, వాడి పని మళ్ళీ నిలబెట్టు నాయనా, నా సంగతి తరవాత చూడు," అంది. నేను పక్కనే మోకరించి ఆమెన్ అన్నాను. ఆ ఆమెన్ తలుచుకుంటే ఇప్పటికీ ఈ నోరు కడుక్కోవాలనిపిస్తుంది.

ఆ తరవాత కొన్ని వారాలకే నేను మీ ముందు సాక్ష్యం చెప్పింది.

ఇంకొకటుంది, అది అన్నిటికంటే పెద్దది. ఆ రెడీమేడ్ ట్రాన్స్‌ఫార్మర్లు పెడితే స్పీకరులో సన్నగా గుయ్‌మనే మోత వచ్చేది. అంత ఖరీదు పెట్టి కొనేవాళ్ళు ఆ మోతను ఒప్పుకోరు. ఎన్నో తిప్పలు పడ్డాను, పోలేదు. చివరికి ఎర్తు వైరు తెంపి చూస్తే మోత ఆగిపోయింది! ఎర్తు వైరు ఎందుకుంటుందో మీ ఇళ్ళల్లో ఫ్రిజ్జు వాడే ప్రతివాళ్ళకూ తెలుసు, లోపల ఏదైనా తేడా వచ్చి కరెంటు రేకులోకి దిగితే మనిషిని తగలకుండా భూమిలోకి పంపడానికి. అది తెలిసే తెంపాను. పది పెట్టెల్లో తెంపాను.

పోయిన వానాకాలంలో రాజమండ్రిలో సీతామహాలక్ష్మి టీచరు గారు పాట వింటూ, వాల్యూం తగ్గిద్దామని చెయ్యి చాపారు. ఆవిడ వీణ టీచరు. ఆ సిస్టం ఆవిడ శిష్యులంతా కలిసి కొనిచ్చిన బహుమానం. ముసురుకి చెమ్మపట్టి లోపలి ట్రాన్స్‌ఫార్మరు పాడై, వాల్యూం తిప్పే ముందు రేకంతా కరెంటు పాకి ఉంది. ఆవిడకు షాకు కొట్టింది. వెనక్కి విసిరినట్టు పడిపోయారు. ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది, రెండు వేళ్ళు కాలాయి. వీణ మీటే వేళ్ళు!

ఆవిడ తమ్ముడు కార్డు మీద ఫొటో పట్టుకుని, పెట్టె కారులో వేసుకుని తణుకు వచ్చాడు. అక్కడ మోటారు వైండింగ్ వాళ్ళను ఎవరిని అడిగినా ఎస్తేరక్క షాపు చూపిస్తారు. ఆయన కోపంగా ఆ పెట్టె బల్ల మీద పెట్టి, "ఇది నువ్వు చేసిందేనా అమ్మా?" అని అడిగాడట. అక్క లేబులు చూసింది, అది పెన్సిలు రాత కాదు, స్టాంపు. తను చుట్టింది కాదని అప్పుడే తెలిసిపోయింది ఆవిడకు.

"పేరు నాదేనండి. చేసిన మనిషిని నేను తీసుకొస్తాను, రెండు వారాలు ఓపిక పట్టండి," అంది. నా పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ సాయంత్రానికే పోలీసులు మా గుమ్మంలో ఉండేవారు.

నాకు ఫోను చేసి, "తమ్ముడూ, ఒకసారి రా" అని మాత్రం అంది. వెళ్ళేసరికి తారు గీకేసి, ట్రాన్స్‌ఫార్మరు విప్పి, పేపరు మీద పరిచి ఉంచింది. వరసల మధ్య కరెంటును ఆపే కాగితమే లేదు. "ఈ అక్షరం నాదే, కానీ రాసింది నేను కాదు. ఎవరు రాశారు?" అని అడిగింది. నేనప్పుడు కూడా అబద్ధమే చెప్పాను! సరుకు పంపినవాడు మోసం చేశాడన్నాను. ఆవిడ టీచరు గారి చెయ్యి సంగతి చెప్పి, "నీ నోటితో నువ్వే చెబుతావని చూస్తన్నాను" అంది. నేను కోపం నటించి వచ్చేశాను.

షోరూం ఆయనకు చెబితే, "ఆవిడ తడిచేత్తో ముట్టుకుందని అందాం, ఎవరు రుజువు చేస్తారు?" అన్నాడు. సరేనన్నాను. పది రోజులు అన్నం తిన్నాను, పని చేశాను, నా భార్య ఏమైందని అడిగితే కసిరాను. ప్రార్థనకు మాత్రం కళ్ళు మూయలేకపోయాను.

ఆ తరవాతి ఆదివారం ప్రభు బల్ల, దోషం దాచుకున్నవాడు ఆ రొట్టె ముట్టకూడదని మీకు తెలుసు. రొట్టె పళ్ళెం నా వరసలోకి వచ్చింది. పక్కాయన నాకందించాడు. నా చెయ్యి లేవలేదు, సహోదరులారా! పళ్ళెం అవతలివాళ్ళకిచ్చేసి, పాట మధ్యలోనే లేచి బయటికొచ్చి బండి తీశాను. తణుకు చేరేసరికి అక్క అప్పుడే మందిరం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. ఆ తడి అరుగు మీదే కూలబడి స్టాంపు సంగతి, కార్డు సంగతి, ఆర్డర్లు తగ్గాయన్న అబద్ధం, అన్నీ చెప్పాను. అవన్నీ ఆవిడకు ముందే తెలుసన్నట్టు తల ఊపింది. ఎర్తు వైరు నేనే తెంపానని చెప్పగానే మాత్రం చెంబు కింద పెట్టేసి గోడకు ఆనుకుంది.

"అది మాత్రం అనుకోలేదు తమ్ముడూ," అంది.

నేను ఏడుస్తూ, "ప్రభువా, నేను దొంగను, నీ పేరు చెప్పి అమ్ముకున్నాను, ఆవిడ చేతిని విరిచింది నేనే, నన్ను కాదనకు" అని ప్రార్థన చేశాను. ఈసారి ఆమెన్ నేను అనలేదు. అక్కే అంది. అని, చీర మార్చుకుని, "నాకు చెప్తే ఏంటి లాభం? రాజమండ్రి పద" అంది.

టీచరు గారు కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నిలబడే చెప్పాను, అంతా. ఆవిడ తమ్ముడు నా చొక్కా పట్టుకున్నాడు, నేను కదల్లేదు. ఆవిడ చెయ్యెత్తి ఆయన్ని ఆపారు. క్షమించాననలేదు. ఒక్కటే అడిగారు.

"ఇలాంటివి ఇంకెన్ని ఇళ్ళల్లో ఉన్నాయి నాయనా? ఇప్పుడు వాటిని ఎవరు ముట్టుకుంటున్నారో?"

సహోదరులారా, నా పాపం గురించే ఏడుస్తున్నాను గాని ఆ తొమ్మిది ఇళ్ళ గురించి నాకు తట్టనేలేదు! ఆవిడ వరండాలోనే కూర్చుని ఒక్కొక్కరికీ ఫోను చేశాను. ప్లగ్గు పీకేయండి, పెట్టె ముట్టుకోకండి, నేను మోసం చేశానండి అని చెప్పాను. తిట్టినవాళ్ళున్నారు, ఒకాయన తమాషా అనుకుని నవ్వాడు. ఎనిమిది ఇళ్ళవాళ్ళు పీకేశారు. కాకినాడలో ఒక ఇంటివాళ్ళు ఫోను ఎత్తలేదు. మర్నాడు తెల్లారగానే బయలుదేరి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ఇల్లాలు హాల్లో తడిగుడ్డతో ఆ పెట్టెనే తుడుస్తోంది! ప్లగ్గు గోడలోనే ఉంది, స్విచ్చి వేసే ఉంది. "అమ్మా!" అని నేను అరిచిన అరుపుకు ఆవిడ గుడ్డ జారవిడిచింది. "భయపెట్టారేంటండీ? తెల్లారినకాడి నుంచీ మా వీధిలో కరెంటే లేదు, అందుకే ఇల్లు దులుపుకుంటున్నాను" అంది.

నేను ఆ గుమ్మంలోనే కూర్చుండిపోయాను. నా దేవుడు నన్ను అక్కడ కాపాడాడు. ఆవిడను నా నుంచి కాపాడాడు, నన్ను హంతకుణ్ణి కాకుండా ఆపాడు. ఆయనకు స్తోత్రం, ఆయనకే మహిమ! నాకు అందులో ఏ భాగమూ లేదు.

పదింటినీ వెనక్కి తెచ్చుకున్నాను. షోరూం ఆయనతో తెగిపోయింది. టీచరు గారి తమ్ముడు కేసు పెట్టారు, పెట్టడం న్యాయమే, వాయిదాలకు వెళుతున్నాను, అడిగిందానికి ఉన్నది చెబుతున్నాను. వ్యాపారం పాపమని నేను అనడం లేదు. స్క్రూలు కొంటాను, వాల్వులు కొంటాను, ఇప్పుడు తక్కువ ధర సిస్టముల్లో రెడీమేడ్ ట్రాన్స్‌ఫార్మరే పెడుతున్నాను, మంచిది కొని, ఎర్తు కలిపి, పరీక్ష చేసి, అది బయట కొన్నదని కాగితం మీద రాసి ఇస్తున్నాను. కాస్త మోత ఉంటుందండి అని ముందే చెబుతున్నాను. విని కొనేవాళ్ళు కొంటున్నారు, వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళిపోతున్నారు. చేత్తో చుట్టినది కావాలంటే ఆగాలి. ఎస్తేరక్క ఆర్నెల్లు నాతో పని చెయ్యనంది. ఈ మధ్యే ఒకటి చుట్టి ఇచ్చింది. దాని మీద పేరు రాయలేదు. "ఇంకా రాయబుద్ధి కావట్లేదు తమ్ముడూ" అంది. అడిగే అర్హత నాకు లేదు గనుక అడగలేదు.

టీచరు గారి మణికట్టు అతికింది. కాలిన రెండు వేళ్ళలో ఒకటి ఇంకా వంగడం లేదు. పిల్లలకు ఇప్పుడు నోటితో పాడి పాఠం చెబుతున్నారు. నెలకోసారి వెళతాను, వరండాలో కూర్చోమంటారు, మంచినీళ్ళు ఇస్తారు, అంతకు మించి మాట్లాడరు. అందుకని నా కోసం చప్పట్లు వద్దు. ఆ వేలు కోసం ప్రార్థన చేయండి, పేరు పెట్టి చేయండి, సీతామహాలక్ష్మి గారి కుడిచేతి వేలు అని.

మీలో ఎవరైనా రేకు డబ్బాలో పెట్టి తారు పోసి దాచుకున్నది ఉంటే, అది చెబితే అంతా పోతుందని భయపడుతున్నారేమో. నిజమే, చాలా పోతుంది. అయినా ఆయనను నమ్మి చెప్పండి, నాలాంటివాణ్ణే ఆయన గుమ్మంలోంచి గెంటెయ్యలేదు. కాసేపట్లో రొట్టె పళ్ళెం మీ వరసలోకి వస్తుంది. అది అందుకోకముందే లేచి ఎవరి దగ్గరికైనా వెళ్ళవలసి ఉంటే, వెళ్ళండి. ఎవరూ ఏమీ అనుకోరు. తలుపు తీసే ఉంది.