బియ్యం కేసు కొట్టేశారు

ఆ ఎన్నికల్లో మా దివిసీమ అభ్యర్థి ప్రచారం అవనిగడ్డ సెంటర్లో మొదలు కాలేదు. బందరు కోర్టు గేటు దగ్గర మొదలైంది.

ఆయన మీద బియ్యం కేసు ఉంది. కొన్నేళ్ల ముందు తుఫాను వచ్చినప్పుడు సముద్రం ఒడ్డు ఊళ్లకు ప్రభుత్వం పంపిన బియ్యం ఆయన ప్రెసిడెంటుగా ఉన్న సొసైటీ గోడౌనులో దిగాయి. కాగితాల మీద అవి ప్రతి ఇంటికీ ముట్టాయి. ఊళ్లలో మాత్రం ముట్టని ఇళ్లే ఎక్కువ. పోలీసులు కేసు పెట్టారు. ఆయన మొదటి ముద్దాయి అయ్యాడు. కేసు చాలా ఏళ్లు నడిచింది. నడిచింది అనడం మర్యాద కోసం. నిజానికి ఒక వాయిదా నుంచి ఇంకో వాయిదాకు దేకింది. ఈలోగా పార్టీ ఆయనకు టికెట్టు ఇచ్చింది.

టికెట్టు వచ్చాక వాయిదాలకు కళ వచ్చింది. అంతకుముందు ఆయన తలమీద తువ్వాలు కప్పుకుని కోర్టు వెనక దారిన వచ్చేవాడు. ఇప్పుడు ట్రాక్టర్ల నిండా జనం, డప్పులు, బంతిపూల దండలు, గేటు దగ్గర హారతి. లోపల కేసు ఇంకో తారీకుకు వేశారని తెలియగానే బయట బాణాసంచా. వాయిదా పడినందుకు టపాకాయలు కాల్చిన జాతి చరిత్రలో ఇంకెక్కడైనా ఉందేమోనని నేను లైబ్రరీలో వెతికాను. కనపడలేదు.

నేను అప్పట్లో బందరులో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. చదువు పదో తరగతి దగ్గర ఆగింది గానీ చదవడం ఆగలేదు. ప్రెస్సు మూయగానే లైబ్రరీకి వెళ్లి, లైట్లు ఆర్పేస్తామని బెదిరించేదాకా కూర్చునేవాణ్ణి. నిఘంటువులు, పాత పత్రికల బైండ్లు, న్యాయశాస్త్రం మీద తెలుగులో ఉన్న పుస్తకాలు, ఇలా అల్మారా తర్వాత అల్మారా పూర్తి చేశాను. ముద్దాయి వేరు, దోషి వేరు అని బల్ల గుద్ది చెప్పగలిగినవాణ్ణి మా వీధిలో నేనొక్కణ్ణే. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

ఆ కేసులో మా అక్క సాక్షి.

అక్కను నాగాయలంక అవతల, సముద్రం దగ్గర ఊళ్లో ఇచ్చాం. బావకు పడవలో వాటా ఉండేది. పట్టిన సరుకు అభ్యర్థిగారి తమ్ముడి ఐసు షెడ్డులోనే కాటా వేయాలి. ఆ దరిదాపుల్లో ఇంకో కాటా లేదు. అక్క గంప నెత్తిన పెట్టుకుని పై ఊళ్లలో చేపలమ్మేది. తుఫాను తర్వాత పోలీసులొచ్చి అడిగితే, మా ఇంటికి గింజ కూడా రాలేదని చెప్పింది. అలా చెప్పినవాళ్లు ఊళ్లో చాలామందే. కానీ చెప్పిన మాట మర్చిపోనిది ఆమె ఒక్కతే.

సమన్లు సరిగ్గా ఎన్నికల ముందే వచ్చాయి. మొదట అభ్యర్థి మనుషులు వచ్చారు.

"ఆడకూతురివి, కోర్టులో నీకేం పనమ్మా? ఆ రోజు వొంట్లో బాలేదని కబురెట్టు, చాలు."

"నాకు బానే ఉందిగా."

"బాగోకపోటం ఎంతసేపమ్మా!" అని నవ్వి వెళ్లారు.

తర్వాత గుడివాడ అభ్యర్థి మనుషులు వచ్చారు. ప్రత్యర్థి పార్టీకి దివిసీమలో మనిషి దొరక్క గుడివాడ నుంచి ఒక కాంట్రాక్టరును దించారు. ఆయన పామర్రు, కూచిపూడి మీదుగా రోజూ కారులో వచ్చి, మా జనానికి దణ్ణాలు పెట్టి, పొద్దుగూకేలోగా ఇల్లు చేరేవాడు. మా రొయ్యలకూ పీతలకూ తేడా తెలియకపోయినా బియ్యం కేసు మాత్రం ఆయనకు కంఠతా వచ్చు.

"అక్కా, జీపు నీ గుమ్మంలోకే వస్తది. ఎక్కి కూచో. కోర్టులో చెప్పింది సాయంత్రం మా మీటింగులో మైకు ముందు కూడా చెప్పేస్తే అయిపోద్ది."

"మీ జీపెక్కితే మీ సాక్షినవుతాను. నేను బస్సులో వెళ్తాలెండి."

"నీకు బియ్యం రాలేదనేగా అక్కా మా బాధంతా!"

"అంత బాధున్నోళ్లు తుఫానప్పుడు ఎక్కడున్నారు?"

జీపు ఖాళీగా వెళ్లింది. ఇంట్లో బావ పట్టుకున్నాడు.

"రేపు కాటా దగ్గర నా సరుకు దింపనియ్యకపోతే రొయ్యల్ని తీసకెళ్లి మళ్లీ సముద్రంలో పొయ్యమంటావా?"

"పొయ్యి. పుణ్యమొస్తది."

"నీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వులాటేం కాదు. ఇయ్యాళ్టి చేప అని నేనంటేనే గదా ఆ ఊళ్లలో కొనేది? నేను మాట మార్చే మనిషినని తెలిస్తే నా గంప దించేదెవరు?"

బావకు కూడా సమన్లు వచ్చాయి. వాయిదా నాటికి ఆయనకు జ్వరం వచ్చింది.

మిగతా సాక్షులు మాత్రం ఆరోగ్యంగా వచ్చారు, అభ్యర్థిగారి ట్రాక్టరులోనే. బోనెక్కినవాళ్లు ఎక్కినట్టే జ్ఞాపకశక్తి పోగొట్టుకున్నారు. ముట్టిందో లేదో గుర్తులేదన్నారు. పోలీసులు ఏదో రాసుకున్నారు, మేం అలా అనలేదన్నారు. చివరికి అక్కను పిలిచారు. నేను వెనక బెంచీ మీద ఉన్నాను. బియ్యం రాలేదని ఆమె గట్టిగా చెప్పింది. ముద్దాయి తరఫు లాయరు లేచాడు.

"సొసైటీ ప్రెసిడెంటుగారు బియ్యం తీసుకెళ్లడం నువ్వు చూశావా?"

"చూస్తే ఊరుకుంటానా అండీ?"

"చూశావా, లేదా?"

"చూళ్లేదండి."

"మీ ఇంటి బియ్యం మీ ఆయనే తెచ్చుకుని, నీకు చెప్పకుండా అమ్ముకుని ఉండొచ్చుగా?"

"మా ఆయనకి అంత తెలివే ఉంటే ఈసారి ఎలక్షన్లో ఆయనే నిలబడేవోడండి."

కోర్టంతా గొల్లున నవ్వింది. మేజిస్ట్రేటుగారు తల వంచుకుని కాగితాలు సర్దుకున్నారు. ముద్దాయి కూడా నవ్వాడు, కాకపోతే కొంచెం ఆలస్యంగా.

నవ్వులతో నేరం రుజువు కాదు. పోలింగుకు ముందు వారం తీర్పు వచ్చింది. సంశయలబ్ధి కింద ముద్దాయిని విడుదల చేశారు. ఆ రోజు బందరులో మా ఇంట్లోనే ఉన్న అక్క నన్ను అడిగింది.

"అంటే నేను అబద్ధం చెప్పానన్నట్టా?"

"కాదక్కా. నేరం చేశాడో లేదో అనుమానం మిగిలిపోతే, ఆ అనుమానం వల్ల వచ్చే లాభం ముద్దాయికివ్వాలి. అదే సంశయలబ్ధి."

"అనుమానం ఎవరి మీద?"

"ఆయన మీదే."

"అనుమానమూ ఆయన మీదే, లాభమూ ఆయనకేనా?"

ఆ సూత్రం లేకపోతే అమాయకులు ఎలా నలిగిపోతారో నేను పుస్తకాల్లో చదివాను. అది మంచి సూత్రమని ఇప్పటికీ అంటాను. ఆ పూట మాత్రం అక్కను నాగాయలంక బస్సెక్కించి వచ్చాను.

ఊళ్లో ఆ సూత్రాన్ని ఇంకో రకంగా అర్థం చేసుకున్నారు. ఆమె అబద్ధాలకోరని కోర్టే తేల్చిందట. పై ఊళ్లలో గంప దించగానే ఇల్లాళ్లు మొదలుపెట్టారు. "ఏమ్మా, ఇది ఇయ్యాళ్టి చేపేనా, లేకపోతే సాక్ష్యమా?" గంప సగం నిండుగానే ఇంటికి తిరిగి వచ్చేది.

తీర్పు వచ్చిన మూడో రోజు సాయంత్రం అభ్యర్థిగారి ఏజెంటు మా ప్రెస్సులో దిగాడు. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు.

"ఏం లైబ్రరీగారూ! పొద్దుటికల్లా పోస్టరు కావాలి. దివిసీమలో గోడ కనపడకూడదు."

నేను "నిర్దోషిగా విడుదల" అని రాసిచ్చాను. ఆయన మొహం చిట్లించాడు.

"నిర్దోషి వద్దండీ. మావోళ్లు అందులో దోషి ఒక్కటే చదువుతారు. సారు ఫొటో కింద ఆ మాటేంటి, అశుభం."

"పోనీ, 'కోర్టు వారు కేసు కొట్టివేశారు' అందామా?"

"కోర్టు వారెందుకు మధ్యలో? ఓట్లకి నిలబడింది కోర్టు వారా, మా సారా? పైన సారు ఫొటో, దానికింద సారు పేరు, దానికింద ఎర్రక్షరాల్లో 'బియ్యం కేసు కొట్టేశారు'. అంతే."

"కర్త లేకపోతే అర్థం మారిపోతుందండీ. పైనున్న పేరే కర్త అనుకుంటారు."

"కర్త మా సారే గదండీ, ఇంకెవరు!"

మా ఓనరుగారు నా వంక చూసి, ఆయన చెప్పినట్టే కానివ్వమన్నారు. నేను ప్రూఫు రెండుసార్లు చూశాను. అచ్చుతప్పు ఒక్కటీ లేదు. వ్యాకరణం ప్రకారం ఆ వాక్యానికి వంక పెట్టేందుకు లేదు. మిషను మీదికి పంపించాను.

తెల్లారేసరికి దివిసీమ గోడలన్నిటి మీదా ఆయన చేతులు జోడించి నిలబడ్డాడు. కింద ఆయన పేరు, పక్కన గారు. దాని కింద: బియ్యం కేసు కొట్టేశారు!

అవనిగడ్డ టీ కొట్ల దగ్గర మధ్యాహ్నానికల్లా ఇదే మాట.

"బియ్యం కొట్టేశాడని విన్నాం గానీ, కేసు కూడానా?"

"కోర్టు బీరువా తాళాలు ఎవడిచ్చాడ్రా బాబూ?"

"కొట్టేస్తే కొట్టేశాడు, పోస్టరేసి మరీ చెప్పుకుంటన్నాడు చూడు. అదీ నిజాయితీ అంటే."

సాయంత్రానికి సంగతి ఏజెంటుకు ఎక్కింది. వాళ్ల పోస్టర్లను వాళ్లే చింపడం మొదలుపెట్టారు. గుడివాడ మనుషులు ఊరుకుంటారా? మైదాపిండి జిగురు బకెట్లతో వెనకే తిరిగి, శత్రువు పోస్టర్ల ఊడిన మూలలు అంటించారు. మేకలు తినకుండా మనుషుల్ని కాపలా పెట్టారు. పోస్టర్లు చింపుతున్నారని పోలీస్ స్టేషనుకు కూడా వెళ్లారు. అక్కడి హెడ్డుగారు తల పట్టుకుని, "ఎవరి పోస్టరు ఎవరు చింపారో, ఎవరికి కోపమొచ్చిందో మీలో మీరు తేల్చుకుని రండయ్యా" అని పంపేశాడట. సొంత మేనిఫెస్టో కోసం ఆ పార్టీ అంత చెమటోడ్చడం నేను చూడలేదు.

మా అక్క గోడ మీద కూడా ఒకటి అంటించారు. ఆమెను కుళ్లబొడవాలనే, గుమ్మం పక్కనే అంటించి వెళ్లారు. బావ చింపబోతే అక్క కూడబలుక్కుని చదివి, "ఉండనీ" అంది. పోలింగు దాకా గంప దించినచోటల్లా ఇల్లాళ్లు నవ్వుతూ పలకరించారు. "ఆయనే ఒప్పుకున్నాడంటగా, నీ గోడ మీద!" గంప ఖాళీ అయింది.

ఎన్నికల్లో ఆయనే గెలిచాడు.

పోస్టరు అర్థం జనానికి బాగానే తెలిసింది. తెలిసే ఓటేశారు. "కోర్టులో కేసునే కొట్టేసినోడు హైదరాబాదులో మనకోసం ఏదో ఒకటి కొట్టుకురాడా?" అని మా ప్రెస్సులో కాగితాలు మోసే మనిషి నాతో అన్నాడు. ప్రజాస్వామ్యం మీద లైబ్రరీలో ఉన్నవన్నీ చదివాను. ఓటరు ఒక ప్రకటనను ఇంత సరిగ్గా అర్థం చేసుకుని ఇంత తప్పుగా వాడుకుంటాడని అందులో ఎవరూ రాయలేదు.

గెలిచాక ఆయన ఊరూరా ఊరేగింపుగా వచ్చాడు. అక్క వాళ్ల ఊరు వంతు వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. సారు రాకముందే ఇద్దరు మనుషులు గోకుడు రేకులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

"గోడ నీదే గానీ పోస్టరు మాదమ్మా. తీసేసుకుంటాం."

"తీసుకోండి," అంది అక్క. "పైకి చదివి తీసుకోండి."

"చదవటమెందుకు?"

"నా గుమ్మంలో ఏం రాసి పెట్టారో వీధిలో అందరూ ఒకసారి మీ నోటితోనే విననీండి. తర్వాత మీ ఇష్టం."

ఇరుగుపొరుగు బయటికి వచ్చి నిలబడ్డారు. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఒకడు గొంతు సవరించుకుని, "మన ప్రియతమ నాయకులు..." అని పోస్టరులో లేని మాటతో మొదలుపెట్టి, సారు పేరు భక్తిగా చదివి, "బియ్యం కేసు..." దగ్గర ఆగిపోయాడు.

"ఆగావేంటబ్బాయ్? అక్షరాలు రావా?" అంది ఎదురింటి ముసలమ్మ.

పందిరి కింద వల బాగుచేసుకుంటున్న బావ తలెత్తకుండానే అందించాడు. "కకి ఒత్వమిస్తే కొ."

వీధంతా పగలబడి నవ్వింది. ఆ మనిషి రేకు కింద పెట్టి, బావ వంక చూసి, "రేపు కాటా దగ్గరికి వస్తావుగా, అప్పుడు చూద్దాం" అన్నాడు.

"రానులే," అన్నాడు బావ.

అంతలో డప్పులు దగ్గరయ్యాయి. ఇద్దరూ పోస్టరు వదిలేసి జనంలో కలిశారు. టాపు లేని జీపులో వచ్చిన ఎమ్మెల్యేగారు అటూ ఇటూ చేతులు జోడిస్తూ, మా అక్క గోడ దగ్గరికి రాగానే తనకు తానే ఎదురుపడి, చేతులు దించడం మరిచిపోయాడు.

మర్నాటి నుంచి బావ సరుకు బందరు బస్సు టాపెక్కింది. ఐసు కరిగి దారంతా కారేది, డ్రైవరు తిట్టేవాడు, రాబడి తగ్గింది. అక్క గంప మాత్రం ఏ ఊళ్లోనూ దింపమని అడగాల్సిన పని రాలేదు. వాళ్లే పిలిచి దింపించుకునేవారు.