ఉప్పు ఏమంది, తాతా?

లువాంగ్వా లోయ మొత్తం మీద ఎలుకకు జీతమిచ్చి పనిలో పెట్టుకున్న మనిషి యోతాము మ్వాలే ఒక్కడే. అదీ ఊరికే పెట్టుకోలేదు. ముందు పరీక్ష పెట్టాడు, కొన్నాళ్ళు పనితీరు చూశాడు, ఆ తర్వాతే ఉద్యోగం ఖాయం చేశాడు.

చిలేంబే ఎయిర్‌స్ట్రిప్‌లో విమానానికి పెట్రోలు కొట్టే జకాయో, దిగిన ప్రతి ప్రయాణికుడికీ మొట్టమొదట చెప్పే సంగతి ఇదే. జకాయో చెప్పిన దాంట్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేసుకోవాలని లోయలో అందరికీ తెలుసు. చిపాతాలో మెకానిక్కు చదువు మధ్యలో ఎందుకు మానేశావయ్యా అంటే, ఇంకో ఏడాది ఉంటే తన కుర్చీకే ఎసరని ప్రిన్సిపాలు భయపడ్డాడనీ, బస్సు దాకా వచ్చి కన్నీళ్ళతో సాగనంపాడనీ చెప్తాడు. కానీ ఎలుక సంగతిలో మాత్రం అబద్ధం పాలు అనుకున్నంత ఉండదు.

అసలు మ్వాలే తాతకున్న జబ్బు ఒక్కటే. మూత ఉన్న దేన్నీ ఆయన నమ్మడు.

చిలేంబేకి ఉన్న ఒకే ఒక్క ఆరు సీట్ల పాత విమానానికి ఆయనే మెకానిక్కు. వానల్లో దారి మునిగిపోతే నది ఎగువనున్న ఆసుపత్రికి డాక్టరు వెళ్ళాలన్నా, మందులు చేరాలన్నా అదే దిక్కు. అలాంటి విమానాన్ని గాల్లోకి నిశ్చింతగా పంపే మనిషి, బిస్కెట్ల డబ్బాను మాత్రం అనుమానంగా చూస్తాడు. జేబులో ఎప్పుడూ చిన్న గుడ్డ మూటల్లో ఉప్పు ఉంటుంది. ఎక్కడ మూత కనిపిస్తే అక్కడ ఒక మూట లోపల పడేస్తాడు. కొన్నాళ్ళకు తీసి చూస్తాడు. ఉప్పు పొడిగా ఉంటే పెట్టె మంచిది, చెమ్మగిల్లితే అది పెట్టె కాదు, మూత ఉన్న బావి. అందుకే ఆయన ఎదురుపడితే లోయలో ఎవరూ కుశలం అడగరు. "ఉప్పు ఏమంది, తాతా?" అంటారు. ఆయన అది వెటకారమని ఎన్నడూ అనుకోలేదు. ఏ పెట్టెలో ఉప్పు ఏమందో నిలబెట్టి వివరంగా చెప్పేవాడు.

చర్చిలో చందాల పెట్టెలో కూడా ఒక మూట వేశాడు. పాస్టరుగారు అది ఎవరో కటిక పేదరాలి కానుక అనుకుని, ఉప్పు గురించి ఆ ఆదివారం అంతా ప్రసంగించారు. సగం సభ కళ్ళు తుడుచుకుంది. ప్రసంగం అయ్యాక మ్వాలే వెళ్ళి పెట్టె తెరిచి, మూట నొక్కి చూసి, ఎడమ మూల నుంచి చెమ్మ దిగుతోందని చెప్పి వచ్చాడు.

మరోసారి ఒక పెద్దాయనను పూడ్చేందుకు తీసుకెళ్తుంటే, అందరూ పాడుతున్నారు, ఈయన శవపేటిక మూత అంచు వెంట బొటనవేలు రాస్తూ నడిచాడు. గోతి దగ్గరకు వచ్చేసరికి వడ్రంగిని పక్కకు పిలిచి, ఇక్కడ నీళ్ళు దిగుతాయి అన్నాడు. ఆ వడ్రంగి ఇప్పటికీ ఆయన్ని చూస్తే వీధి మారతాడు. కానీ ఆ రోజు మాత్రం తిరిగొచ్చి ఇంకో రెండు మేకులు కొట్టాడు.

ఇలాంటి మనిషి చేతికి పనిముట్లు పెట్టుకునే పెట్టె ఎంచే పని వచ్చింది. అక్కడ మొదలైంది.

చిలేంబే హ్యాంగరు అంటే ఇనుప స్తంభాలు, పైన రేకులు. గోడలు లేవు. వాన అడ్డంగా వస్తుంది, ఎండ ఏటవాలుగా వస్తుంది, కోతులు ఎటు నుంచైనా వస్తాయి. చెదలు కింద నుంచి, మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు పై నుంచి వస్తాయి. పనిముట్లు మాత్రం పాత గోనెపట్టా మీద వరుసగా పరిచి ఉండేవి. ప్రతి సాయంత్రం జకాయో వాటిని తుడిచి లెక్క చూసేవాడు. ఒక్క పానా తక్కువైనా విమానం లేవకూడదు. ఇంజన్లో మరిచిపోయిన పానా నేల మీద ఏమీ చెయ్యదు, ఆకాశంలోకి వెళ్ళాకే దాని సంగతి తెలుస్తుంది.

అలా ఒక సాయంత్రం ఒక చిన్న రింగు పానా కనబడలేదు.

విమానాన్ని ఎముకలు కనిపించేదాకా విప్పారు. సీట్లు పీకారు. పానా విమానంలో లేదని తేలింది కాబట్టి మర్నాడు విమానం ఎగిరింది గానీ, పానా మాత్రం దొరకలేదు. జకాయోను పిలిచి అడిగింది తియామికే. ఎయిర్‌స్ట్రిప్ మేనేజరు ఆమె, నిజం ఎవరు చెప్పినా రెండోసారి అడిగి తెలుసుకునే మనిషి. జకాయో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తను వేరుశనగలు నములుతూ పానాలు తుడుస్తున్నాడు. కోతులొస్తే తోలడానికి లేచాడు. తిరిగొచ్చేసరికి సంచిబుగ్గల ఎలుక ఒకటి గడ్డిలోకి జారుకుంటోంది, దాని నోట్లోంచి ఏదో తళుక్కుమంది.

అంతవరకు చెప్పి ఊరుకుంటే బాగుండేది. కానీ అలవాటు కొద్దీ, ఎలుక కుక్కంత ఉందన్నాడు. ఎలుక ఎలుకంతే ఉందని చెప్పి ఉంటే ఎవరైనా నమ్మేవారేమో. హ్యాంగరంతా నవ్వింది. తియామికే నవ్వలేదు, అది ఇంకా ప్రమాదం. పానాను సంతలో ఎవరికో అమ్ముకుని ఉంటాడని పైలటు అననే అన్నాడు.

మ్వాలే తాత కూడా నవ్వలేదు. కళ్ళజోడు సవరించుకుని ఒక్క ప్రశ్న వేశాడు.

"ఏ బుగ్గలో?"

"ఎడమ బుగ్గలో," అన్నాడు జకాయో, ఏడుపు మొహంతో.

"సరే," అని మ్వాలే వెళ్ళిపోయాడు.

తియామికే మాట తేల్చి చెప్పింది. వానలు పడేలోపు రాజధాని లుసాకా నుంచి విమానాల ఇన్‌స్పెక్టరు వస్తాడు. అప్పటికి పనిముట్లన్నీ ఉండాలి, అవి పెట్టడానికి వానకీ పురుగుకీ లొంగని పెట్టె ఉండాలి. పెట్టె సంగతి మ్వాలే తాత చూసుకుంటాడు. పానా దొరక్కపోతే మాత్రం ఎవరి చేతిలో పోయిందో ఇన్‌స్పెక్టరుకు చెప్పక తప్పదు, ఆ చేతులు ఇక్కడ ఇక పని చెయ్యవు.

తన ఉద్యోగం ఉప్పు మూటలవాడి చేతిలో పడిందని జకాయోకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ ఉద్యోగం పోతే తన కథలు వినడానికి విమానం దిగేవాళ్ళెవరూ ఉండరు మరి.

పెట్టెలు రావడం మొదలైంది. మొదట ప్లైవుడ్ బీరువా. మ్వాలే దాని పొట్టలో ఉప్పు మూట, ఒక ఎండు పుల్ల, పిడికెడు వేరుశనగలు పెట్టి తలుపు వేశాడు. కొన్నాళ్ళకు తియామికే తలుపు లాగితే తలుపు ఒక్కటే చేతిలోకి వచ్చింది. బీరువా అప్పటికే లేదు, మిగిలింది రంగు మాత్రమే అని జకాయో చెప్తాడు. చెదలు రంగు తినవట.

తర్వాత ఇనుప ట్రంకు. వాన చుక్క లోపలికి పోలేదు, చెద దగ్గరికి రాలేదు. అయినా ఉప్పు ఏడ్చింది. పగలంతా ట్రంకు పెనంలా కాలి, తెల్లారేసరికి చల్లబడుతుంటే మూత లోపలి వైపు నీళ్ళు పుడుతున్నాయి. బయటి వాన కన్నా లోపలి వాన చెడ్డదని మ్వాలే తీర్పు చెప్పాడు.

అప్పుడు విమానం కంపెనీవాళ్ళే లుసాకా నుంచి ఒక ప్లాస్టిక్ పెట్టె పంపించారు. రెండు వైపులా క్లిప్పులు, చూడ్డానికి పెళ్ళికొడుకులా ఉంది. మొదటి వారమే ఎలుక ఒక మూల కొరికి పిడికిలి పట్టేంత కన్నం చేసింది. రెండో వారం దుమ్ములగొండి వచ్చి ఒక క్లిప్పు నమిలి వెళ్ళింది, బహుశా రుచి చూడ్డానికి.

ఇక మిగిలింది ఊళ్ళో ఫాతినెస్ అత్త నడిపే బార్లో ఎప్పుడో పాడైపోయి, జొన్న బీరు డబ్బాలకు బల్లగా పడి ఉన్న డీప్ ఫ్రీజరు. అది తెద్దామన్నది తియామికే. పైనా లోపలా రేకు, మధ్యలో మందంగా ఫోము, మూత చుట్టూ రబ్బరు పట్టీ. నలుగురు మోసుకొచ్చి ఇనుప కాళ్ళ మీద నిలబెట్టారు. ఆ కాళ్ళ కింద పాత ఇంజనాయిలు పోసిన డబ్బాలు పెట్టారు, చీమా చెదా ఎక్కకుండా. మ్వాలే లోపల ఉప్పు పెట్టాడు. ఎండలు మండాయి, తొలకరి జల్లు ఒకటి కొట్టి వెళ్ళింది. మూట తీసి చూస్తే పిండిలా పొడిగా ఉంది.

ఊరంతా ఊపిరి పీల్చుకుంది. "ఉప్పు ఏమంది, తాతా?" అని తియామికే స్వయంగా అడిగింది.

"బాగుందంటోంది," అన్నాడు మ్వాలే. "నేనింకా తేల్చుకోలేదు."

తేల్చుకోకపోగా, కన్నం పడ్డ ప్లాస్టిక్ పెట్టెను తెచ్చి గోనెపట్టా పక్కనే పెట్టాడు. అందులో రోజూ పిడికెడు వేరుశనగలు పోసేవాడు. తెల్లారేసరికి అవి మాయం. మళ్ళీ పోసేవాడు. అంతటితో ఊరుకోకుండా, ఒక స్టీలు చెంచా తెచ్చి జకాయో చేతికిచ్చాడు. రోజూ సాయంత్రం దీన్ని తళతళలాడేలా తుడవాలి, తుడుస్తున్నంతసేపూ వేరుశనగలు తింటూ ఉండాలి, చేతులు కడుక్కోకూడదు, తుడిచాక చెంచాను ఆ పెట్టె పక్కనే పెట్టి వెళ్ళాలి. ఇదీ హుకుం.

చెంచాలు తోమే స్థాయికి దిగినందుకు జకాయోకు ఒళ్ళు మండింది. ప్రయాణికులకు మాత్రం అది ఆకాశంలో ఎత్తు కొలిచే పరికరమని చెప్పేవాడు. రోజులు గడిచాయి. ఎలుక వేరుశనగలు తింటోంది, చెంచా జోలికి రావట్లేదు. పక్కనే బంగారం లాంటి ఫ్రీజరు ఖాళీగా పడి ఉంది. ఇన్‌స్పెక్టరు రేపు వస్తాడనగా జకాయో ఇక ఆగలేకపోయాడు.

"తాతా, నా నెత్తిన నిప్పు పడుతోంది. నువ్వేమో ఎలుకకు అల్లుడి మర్యాదలు చేస్తున్నావు. ఆ ఫ్రీజరుకేం లోటు?"

"దాని లోటు అదే రా. లోటు లేకపోవడం."

"అంటే?"

"చెంచా తుడిచావా?"

జకాయో చెంచా తుడిచాడు. మ్వాలే ఆ చెంచా కాడకు ఒక ఉప్పు మూట కట్టి, మూటకు సూదితో చిన్న బెజ్జం పెట్టి, వేరుశనగల మధ్య గుచ్చి వెళ్ళిపోయాడు. ముసలాయనకు బుర్ర పూర్తిగా పోయిందని జకాయో నిర్ధారణకు వచ్చాడు. ఇంటికెళ్ళి బట్టలు సర్దుకున్నాడు.

పొద్దున్నే ఇన్‌స్పెక్టరు దిగాడు. పొట్టిగా, మర్యాదగా ఉన్నాడు, పేరు లుబాసి. పనిముట్లు ఎక్కడ పెడతారని అడిగాడు. తియామికే ఫ్రీజరు చూపించింది. తెరిస్తే లోపల ఏమీ లేదు. పనిముట్లన్నీ ఇంకా గోనెపట్టా మీదే ఉన్నాయి, ఒకటి తక్కువగా. ఆమె మొహం చూసి జకాయో సంచి భుజాన వేసుకున్నాడు.

"ఒక్క నిమిషం అమ్మా," అన్నాడు మ్వాలే. వంగి ప్లాస్టిక్ పెట్టెలో చూశాడు. వేరుశనగలు లేవు. చెంచా లేదు.

"ఉప్పు ఏమంటోందో చూద్దాం పదండి."

ఎర్రమట్టి మీద సన్నగా, ముగ్గు జారినట్టు, తెల్లటి గీత. పెట్టె మూల కన్నం దగ్గర మొదలై, గడ్డి దాటి, పెట్రోలు డ్రమ్ముల వెనక్కి పోయింది. మధ్యలో ఏ దుప్పో నాకినట్టుంది, కాస్త మేర తెగింది, మళ్ళీ కలిసింది. ముందు మ్వాలే, వెనక ఇన్‌స్పెక్టరు, ఆయన వెనక తియామికే, అందరికన్నా వెనక సంచితో సహా జకాయో, పెళ్ళి ఊరేగింపులా నడిచారు. గీత ఒక పాత చెదల పుట్ట మొదట్లో కన్నం దగ్గర ఆగింది. లోయ నిండా పుట్టలే, పుట్టల నిండా కన్నాలే. ఉప్పు చెప్పకపోతే ఏది తవ్వాలో దేవుడికి తెలియాలి.

జకాయో సంచి పడేసి పార అందుకున్నాడు. మూరెడు తవ్వేసరికి ఎలుకగారి కొట్టుగది బయటపడింది. వేరుశనగల రాశి. బీరు సీసా మూతలు. పైలటు చలవ కళ్ళజోడుకు ఒక కాడ. ఎవరో కొట్టేశారని తియామికే అందరినీ తిట్టిన ఆఫీసు తాళంచెవి. స్టీలు చెంచా. అన్నిటికన్నా అడుగున, వేరుశనగ వాసనతో సహా, చిన్న రింగు పానా.

తియామికే తాళంచెవి తీసుకుని గట్టిగా పిడికిట్లో మూసుకుంది. పైలటు అటువైపే రాలేదు. ఇన్‌స్పెక్టరు పానాను తిప్పి చూసి, జరిగిందంతా విని, తనకు అర్థం కాని సంగతి అడిగాడు. అంత మంచి ఫ్రీజరు చేతిలో ఉండగా, ఇన్నాళ్ళు ఆ కన్నం పెట్టెను ఎందుకు పట్టుకు వేలాడారు?

మ్వాలే పాంటు మోకాళ్ళు దులుపుకున్నాడు.

"మంచి పెట్టె పెడితే దొంగ రాడండి. దొంగ రాకపోతే వీడే దొంగ."

జకాయోకు మాటలు రాలేదు. అతనికి మాటలు రాకపోవడం లోయ చరిత్రలో అదే మొదలని తియామికే తర్వాత అన్నది.

ఆ పూటే పనిముట్లన్నీ ఫ్రీజరులోకి చేరాయి. జకాయో ఫోము పలకలో ఒక్కో పానా ఆకారం కోసి, దేని గూట్లో దాన్ని కూర్చోబెట్టాడు. ఏ గూడు ఖాళీగా ఉన్నా మూత ఎత్తగానే కనిపిస్తుంది. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి, వెళ్ళేముందు కాస్త సిగ్గుపడుతూ, ఉప్పు మూట ఒకటి ఇస్తారా అని అడిగాడు. ఇంట్లో భార్య బీరువా మీద ఎప్పటినుంచో తనకూ ఒక అనుమానం ఉందట.

పుట్టను మ్వాలే మళ్ళీ పూడ్చలేదు. వేరుశనగల రాశిని ఉన్నచోటే ఉంచి, తవ్విన మట్టిని నెమ్మదిగా చుట్టూ సర్దాడు. కన్నం పెట్టె ఇప్పుడు పెట్రోలు డ్రమ్ముల వెనక ఉంది, ఎలుక ఫ్రీజరు వైపు కన్నెత్తకుండా. సాయంత్రం అందులో పిడికెడు గింజలు పోసేది ఎవరో జకాయోకు తెలుసు. మ్వాలే మర్చిపోయిన రోజున తనే పోస్తాడు.

ఆ తర్వాత జకాయో కథలో ఎలుక కుక్కంత నుంచి దూడంత అయింది. మొన్న దిగిన నర్సమ్మకు ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. అదిగో ఆ రెక్క కింద పడుకుని పని చేస్తున్నాడే, ఆ ముసలాయన, ఎలుకకు నెలనెలా జీతమిచ్చి దొంగతనాలు పట్టించే మనిషి అన్నాడు.

రెక్క కింద నుంచి చప్పుడు ఆగింది.

"జీతమేం లేదమ్మా. వేరుశనగలు. అవీ వేయించనివి."