రెండు పగ్గాల గడ్డి బండి

ఆ రోజుల్లో ఖతార్‌లో తవ్వని జాగా ఒకటి కనబడిందంటే, అది నిన్న తవ్వి పూడ్చిందే అయి ఉండేది. ప్రపంచకప్పు ఫుట్‌బాల్ వస్తుందని దేశం మొత్తం పెండ్లిల్లు లెక్క తయారవుతుండేది. (మా అవ్వ లెక్కలో మాత్రం ఇప్పటికీ నేను పనిచేసింది దుబాయ్‌లోనే. ఎన్నిసార్లు చెప్పినా "ఆ, గదే, దుబాయ్‌ల ఖతార్" అంటుంది.) తోటివాళ్ళు స్టేడియాలు కట్టారు, క్రేన్లు ఎక్కారు. నా వంతుకు గడ్డి వచ్చింది. ఇసుకలో రోజూ నీళ్ళు పోసి గడ్డి పెంచుడు ఒక పిచ్చి, పెరిగినదాన్ని కోసి సంచుల్లో కట్టి పారేసుడు ఇంకో పిచ్చి, ఆ రెండు పిచ్చుల నడుమ మా జీతం. మొదటిసారి పచ్చటి గడ్డి సంచులు చెత్త లారీ ఎక్కుతుంటే మా ఇంటి బర్రె కళ్ళముందు మెదిలింది. ఈ సంగతి దానికి ఎన్నటికీ తెలియనియ్యొద్దని ఒట్టు పెట్టుకున్నాను.

మా కంపెనీ ఓనరును అందరం అర్బాబ్ అనేవాళ్ళం. దోహాలో మెసైమీర్ అవతల ఆయన ఇల్లు, ఇంటి వెనక ఎకరం దాకా పెరడు, అందులో పధ్నాలుగు ఖర్జూరపు చెట్లు, చెట్ల నడుమ గడ్డి. కప్పు జ్వరం ఆ ఇంటి పిల్లలకూ తగిలి పొద్దుమాపూ అక్కడే బంతాట. ఆ గడ్డిని నేనూ మా బావా తోపుడు మెషిన్‌తో కోసేవాళ్ళం. ఈ చివర మొదలుపెట్టి ఆ చివరికి పోయి వెనక్కి చూస్తే, మొదట కోసిన చోట గడ్డి మళ్ళీ లేచి మమ్మల్ని వెక్కిరిస్తుండేది. అర్బాబ్ తల్లిని ఇంట్లో అందరూ మామా అనేవారు. పొద్దంతా ఆ మోత భరించలేక ఆమె కొడుకు మీద కేకలేసింది, కొడుకు మా సారు మీద వేశాడు. సారంటే గోదావరి వైపు ఇంజినీరు, అల్ హిలాల్‌లో కుటుంబంతో ఉండేవాడు. చాలా మంచివాడు, కాకపోతే కాగితం మీద గీత గీయనిదే చాయ్ కూడా తాగడు.

"జీరో టర్న్ మెషిన్ కొంటున్నామయ్యా," అన్నాడు ఒక పొద్దున. "కూర్చుని కోసేది. ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. దానికి ఒక ఆపరేటర్ కావాలి. టెన్త్ పాసై ఉండాలి."

ఆపరేటర్! నా కార్డు మీద 'లేబర్' అని ఉన్న చోట ఆ మాట పడితే ఎట్లుంటుందో అని ఆ రోజు సంచులు మోస్తూ మోస్తూ పదిసార్లు మనసులో రాసి చూసుకున్నాను. కానీ నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. (బడి కూడా నాకు తిరిగి దండం పెట్టింది, అది వేరే ముచ్చట.) మా బావ, అంటే మా అక్క మొగుడు, టెన్త్ పాస్. మూడుసార్లు రాశాడు గనక నా లెక్కలో మూడు టెన్త్‌లు.

"ఫికర్ జెయ్యకు బామ్మర్దీ," అన్నాడు క్యాంపుకు పోయే బస్సులో. "నేను సీట్ల కూసుంట. నువ్వు ముంగట ఉరుక్కుంట రాళ్ళు ఏరు."

"ఏరుత బావా. కని నువ్వు కిందపడ్డంక రాళ్ళే ఏరాల్నా, నిన్ను గూడ ఏరాల్నా?"

మెషిన్ ఎక్కించుకోవడానికి మనుషులు కావాలని మమ్మల్నిద్దర్నీ సారు ఇండస్ట్రియల్ ఏరియాలోని దుకాణానికి తీసుకుపోయాడు. లోపల మూడు మెషిన్లు, చిన్నది, నడిమిది, పెద్దది. సారు పెద్దదాని ముందు కొత్త పెండ్లికొడుకు లెక్క నిలబడ్డాడు. సేల్స్‌మన్ హిందీలో దాని గుర్రాల బలం చెప్పాడు, నీళ్ళ సీసా పెట్టుకునే గుంట చూపించాడు. సారు తన కాగితం మీద టిక్కుల మీద టిక్కులు కొడుతున్నాడు.

"సార్, ఇది పెరట్లకు ఎటునుంచి పోతది?" అన్నాను.

"పక్క గేటు నుంచేనయ్యా. మెషిన్ వెడల్పు ఇదిగో, కేటలాగులో ఉంది."

"గేటు వెడల్పు నా దగ్గర ఉన్నది సార్," అని రెండు మోచేతులూ చూపించాను. గడ్డి సంచుల చేతిబండి తోసుకుంటూ ఆ గేటులోంచి రోజుకు ముప్పైసార్లు పోయేవాణ్ణి. పోయిన ప్రతిసారీ రెండు గోడలూ నా తోలు కొంచెం కొంచెం తీసుకునేవి. చేతిబండి పట్టుకున్నట్టు చేతులు వంచి పెద్ద మెషిన్ ముందు నిలబడితే, బ్లేడ్లుండే కోత పళ్ళెం అటు జానెడు, ఇటు జానెడు బయటికి వచ్చింది. "దీన్ని కొంటె అర్బాబ్ గోడ కూలగొట్టాలె సార్." సారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నడిమిది నా మోచేతుల మధ్య ఒద్దికగా పట్టింది.

తర్వాత దుకాణం వెనక ఖాళీ జాగాలో నడిపి చూడటం. మా బావ ఎక్కి స్టీరింగు కోసం వెతికాడు. అది లేదు. ఉన్నవి రెండు పిడులు, కుడిచేతికి ఒకటి, ఎడమచేతికి ఒకటి. ఒకదాన్ని మాత్రమే ముందుకు తోసేసరికి మెషిన్ మా బావను కూర్చోబెట్టుకుని బొంగరమైంది. "జీరో టర్న్ అన్నరు గద, తిరుగుతున్న!" అని అరుస్తూనే ఉన్నాడు. సారు ఎక్కాడు. కారు నడిపే చేతులు కదా, పాములా మెలికలు పోయి ఎరువు బస్తాల మీదికి ఎక్కాడు. సేల్స్‌మన్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"నేనొకసారి కూసుంట సార్."

"నువ్వు ఏడో తరగతే కదయ్యా!"

"ఎడ్లు తోలెటానికి ఏడో తరగతే ఎక్కువ సార్."

కూర్చున్నాక తెలిసింది, చేతుల్లో ఉన్నవి పిడులు కావు, పగ్గాలు. ఎడమది గుంజితే ఎడమకు, కుడిది గుంజితే కుడికి. పన్నెండేళ్ళు ఎడ్ల గుంటుక మీద నిలబడి చేలో తిరిగిన చేతులకు ఇంకేం చెప్పాలి? అక్కడున్న సిమెంటు డ్రమ్ము చుట్టూ తాకకుండా మూడు చుట్లు కొట్టాను. మా బావ నోరు తెరిచి చూస్తున్నాడు. ఇక గొప్పగా ఆపి దిగుదామని, "ఓ... ఓ... ఓ..." అంటూ రెండు పగ్గాలూ ఒక్కసారి గట్టిగా గుంజాను. ఎడ్లయితే నిలబడేవి. ఇది వెనక్కి నడిచింది! నేను ఎంత గుంజితే అంత వెనక్కి, ఎంత వెనక్కి పోతే అంత గుంజుడు. చివరికి చుట్టలు చుట్టి పెట్టిన ప్లాస్టిక్ గడ్డిలో కూరుకుపోయి, భయంతో చేతులు వదిలేస్తే బుద్ధిగా ఆగింది. పగ్గం వదిలితే నిలబడే పశువును నేను జన్మలో చూడలేదు.

సారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "నీకు తిప్పడం వచ్చింది గానీ, ఆపడం రాలేదయ్యా."

"గంటల నేర్సుకుంట సార్. మా బావకు తిరుగుడే వచ్చింది, పోవుడు రాలే."

"సరే, రేపు మామా ముందు కోసి చూపించు. ఒక్క చెట్టుకు గీత పడిందా, సీటు టెన్త్ పాసైన వాడిదే."

తెల్లారి మామా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. సారు చెట్ల వెంట ఒక్కొక్కటే తిరిగి మొదళ్ళు చూసి వచ్చాడు. ఇంతకుముందే ఉన్న గీతలు నా లెక్కలో పడొద్దని, పాపం. మా బావ నిజంగానే ముందు నడుస్తూ రాళ్ళు ఏరాడు. ఏరుతూ, "పైలం రా, పైలం," అని నాకంటే ఎక్కువ చెమటలు కక్కాడు. పధ్నాలుగు చెట్లు. ఒక్కొక్కదాని చుట్టూ, బిడ్డకు తల చుట్టూ దిష్టి తీసినట్టు తిప్పాను. పొద్దంతా పట్టే పని గంటలో అయిపోయింది. ఆపేటప్పుడు పగ్గాలు గుంజలేదు, మెల్లగా వదిలాను. మామా లేచి వచ్చి ఒక చెట్టు మొదట్లో చెయ్యి పెట్టి చూసి "జైన్, జైన్" అన్నది. బాగుందని. చాయ్ తెప్పించి, చేతులు కట్టుకు నిలబడ్డ సారును దాటించి, మొదటి గ్లాసు నాకు ఇచ్చింది. ఆ చాయ్‌లో చక్కెర ఉందో లేదో ఇప్పటికీ తెలియదు.

ఆ మధ్యాహ్నమే సారు ఫారం తీశాడు. చదువు అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. చాలాసేపు ఆలోచించి దాన్ని ఖాళీగా వదిలి, అనుభవం అన్న చోట 'రెండు ఇంజిన్ల వాహనం, పన్నెండేళ్ళు' అని రాశాడు.

"అబద్ధమైతది గద సార్?"

"ఎద్దులు రెండే కదయ్యా నీకు? ఇందులో అబద్ధం ఎక్కడుంది?"

కప్పు వచ్చేసరికి నేను పాత ఆపరేటర్‌ను. క్యాంపులో పెద్ద తెర కట్టి ఆట చూపించారు. వందమంది బంతిని చూస్తుంటే నేను గడ్డిని చూశాను. "గోల్!" అని మా బావ ఎగిరి నా మీద పడితే, "జరుగు బావా, ఆ మూలకు ఒక వరుస వంకర పోయింది, ఆపరేటర్ ఎవడో గని," అన్నాను. ఇప్పుడు నడుము నొప్పి పట్టాక, ఆ సీట్లో నిటారుగా కూర్చుని, చెట్టు చెట్టుకూ ఒకసారి కాలర్ సర్దుకునే ఆ పోరడు, అంటే అప్పటి నేనే, అప్పుడప్పుడు గుర్తొస్తాడు. ఒరేయ్, గడ్డికి నీ కాలర్‌తో పని లేదురా, అని చెప్పాలనిపిస్తుంది. చెప్పను. సర్దుకోనీ.