దగ్గరుండి చేయించిన బిస్కెట్లు

మా ఇంట్లో బిస్కెట్లు కొనడం తక్కువ, చేయించుకోవడమే ఎక్కువ. మైదా, పంచదార, డాల్డా డబ్బాలో సర్దుకుని బేకరీవాళ్ల బట్టీకి పట్టుకెళ్తే, పొద్దుటి రొట్టెల పని అయ్యాక మిగిలిన వేడి మీద మన పిండి కలిపి, అచ్చు వేసి, రేకుల మీద కాల్చి ఇస్తారు. మళ్లీ అదే డబ్బా నింపుకుని ఇంటికి తెచ్చుకోవడం. నూజివీడులో మా ఎరుకలో చాలా ఇళ్లవాళ్లు అంతే చేసేవాళ్లు.

మా నాయనమ్మకు మాత్రం బట్టీ అంటే నమ్మకం లేదు. మన డాల్డా కాస్త పక్కకు తీస్తారేమోనన్నది ఆమె చిన్న అనుమానం. పెద్ద అనుమానం కోడిగుడ్డు. మాది గుడ్డు ముట్టని ఇల్లు. బట్టీలో కేకులకు గుడ్లు కొడతారు. ఆ గిన్నె కడగకుండా మన పిండి కలిపితే? ఆ రేకు మీదే మన బిస్కెట్లు వేస్తే? అందుకని మా ఇంటి మనిషి ఒకరు దగ్గరుండి చేయించాలన్నది ఆమె పెట్టిన నియమం. అమ్మకు వంటిల్లు వదలడం కుదరదు. నాన్నకు, బాబాయికి మామిడికాయల వ్యాపారం. ఇక మిగిలింది నేను.

అప్పటికి నేను ఇంటర్ పాసై ఇంట్లో ఉన్నాను. నన్ను చదువు మానమని ఎవరూ అనలేదు. కాలేజీ అప్లికేషన్ మాట ఎవరూ ఎత్తలేదు, అంతే. నేనూ ఎత్తలేదు. ఎదుటివాళ్లు అడిగితే తప్ప మాట్లాడటం నాకు చిన్నప్పటినుంచీ రాదు. అడిగినా సగం మాట గొంతులోనే ఉండిపోయేది. రాత్రి డైరీలో ఆ సగం రాసుకునేదాన్ని.

మా ఇంటి ముందు గదే నాన్న ఆఫీసు. కాపు మొదలైన దగ్గర్నుంచి వానలు పడేదాకా అరుగు మీద, ముందు గదిలో, వీధి గుమ్మంలో మగవాళ్లే. చాట్రాయి వైపునుంచి తోటలు కౌలుకు చేసేవాళ్లు, లారీవాళ్లు, పైరాష్ట్రాలనుంచి వచ్చిన కొనుగోలుదార్లు. వాళ్ల మధ్యనుంచి వయసొచ్చిన పిల్ల నడిచి బయటికి వెళ్లడం మా ఇంట్లో లేదు. ఆ నెలల్లో నా లోకం నడిమిగది, వంటిల్లు, కాయలు మగ్గేసిన వెనక సావిడి. కాయలు మగ్గే గడ్డి వాసన జడలోకి కూడా ఎక్కేది. సావిడి పక్కన దొడ్డి గుమ్మం. ఆ గుమ్మం దాటి సందులోంచి వెళ్తే బట్టీ. నెలకు రెండుసార్లు, డబ్బా చంకన పెట్టుకుని, ఎండలో, ఆ గుమ్మం నేను దాటేదాన్ని.

బట్టీ పక్క పెంకుటింట్లోనే శాఖా గ్రంథాలయం.

ఇళ్లవాళ్ల పిండి పని చూసేది బేకరీ ఆయన భార్య. లావుపాటి, నవ్వుముఖం ఆవిడ. మొదటిసారి నేను వెళ్లి, చెప్పినట్టే రేకుల పక్కన నిలబడి, చెమటలు కారుతున్నా కదలకుండా ఉంటే ఆవిడకు నవ్వొచ్చింది. మీ గిన్నె వేరే, మీ రేకు వేరే, గుడ్డు ఈ గదిలోకే రాదు అని చూపించింది. నా కళ్ల ముందే పిండి కలిపింది, అచ్చు వేసింది, రేకులు లోపలికి తోసింది. తర్వాత నన్ను తేరిపార చూసి అంది.

"కాలేదాకా ఇక్కడ నువ్వు మాడటం దేనికమ్మాయ్? పక్కన ఫ్యానుంది, పోయి కూర్చో. రేకు తీసేటప్పుడు గరిటెతో కొడతాలే, వినపడుద్ది."

అలా వెళ్లాను గ్రంథాలయానికి. ముందు వసారాలో పేపర్లు చదివే మగవాళ్లు. లోపల బీరువాల వెనక ఆడవాళ్లకని వేసిన బెంచీ, దాని మీద ఎప్పుడూ ఎవరూ ఉండరు. సభ్యత్వం ఉంటే పుస్తకం ఇంటికిస్తారు. దానికి నాన్న సంతకం కావాలి. నాన్నను అడగాలి. అక్కడే కూర్చుని చదువుకుంటే ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

ఆ బెంచీ పక్క బీరువాలోనే నాకా పుస్తకం దొరికింది. ఎవరో పెద్ద ఇంటివాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చేసిన ఇంగ్లీషు పుస్తకాల్లో ఒకటి. అట్ట ఊడిపోయింది. ప్రపంచంలో ఏయే దేశాల ఆడవాళ్లు ఇళ్లల్లో ఏయే బిస్కెట్లు చేసుకుంటారో బొమ్మలతో సహా ఉంది. సభ్యులకైనా ఇంటికివ్వని పుస్తకాల్లో దాన్ని పెట్టారు. నా ఇంటర్ ఇంగ్లీషుతో ఒక్కో పేజీ మెల్లగా కూడబలుక్కుంటూ చదివేదాన్ని.

వెన్నను గది వేడికి వచ్చేదాకా బయట ఉంచాలని అందులో ప్రతి పేజీలోనూ ఉండేది. మే నెలలో మా గది వేడికి వచ్చిన వెన్న కరిగి నూనెలా పారుతుంది. అల్లం, లవంగం, దాల్చిన చెక్క, తేనె వేసి జర్మనీవాళ్లు పండక్కి చేసుకునే బిస్కెట్ల గురించి చదివి, ఇవి మా నాయనమ్మ దగ్గుకు కాచే కషాయం సరుకులే కదా అనుకున్నాను. ఆ చలిదేశాల్లో మంచు పడి గుమ్మాలు మూసుకుపోతే నెలల తరబడి ఆడవాళ్లు ఇల్లు కదలరట. పొయ్యి ముందు కూర్చుని రకరకాల బిస్కెట్లు చేసి డబ్బాల్లో దాస్తారట. ఇన్ని రకాలు ఎందుకు పుట్టాయో నాకప్పుడు తెలిసింది. మాకు మంచు లేదు. మామిడి ఉంది.

స్కాట్లండువాళ్ల బిస్కెట్టులో పిండి, వెన్న, పంచదార తప్ప ఇంకేమీ లేవు. ముందు అది చేయించాను. ఇంట్లో అందరికీ నచ్చింది. నోట్లో వేసుకుంటే కరిగిపోతోందని నాయనమ్మ మెచ్చుకుంది. ఎక్కడ నేర్చుకున్నావని ఎవరూ అడగలేదు, బట్టీలో చెప్పి ఉంటారనుకున్నారు. కానీ ఆ బిస్కెట్టుతో నాకొక నష్టం ఉంది. తొందరగా కాలిపోతుంది. రెండు పేజీలు చదివానో లేదో గరిటె చప్పుడు వినపడేది.

తర్వాత ఇటలీ పేజీ వచ్చింది. అక్కడివాళ్లు పిండిని దిండులా పొడుగ్గా చేసి ఒకసారి కాలుస్తారు. చల్లారాక ముక్కలు కోసి, ఆ ముక్కల్ని మళ్లీ కాలుస్తారు. గట్టిగా ఉంటాయి, చాలాకాలం నిలవుంటాయి. నేను రుచి గురించి ఆలోచించలేదు. రెండుసార్లు కాల్చాలి, మధ్యలో చల్లారాలి అన్న చోటే నా వేలు ఆగిపోయింది. బాదంపప్పు బదులు జీడిపప్పు, గుడ్డు బదులు పెరుగు వేయిద్దామని బేకరీ ఆవిడకు చెప్పాను. ఇది మన రస్కే కదా అని ఆవిడ నవ్వి, సరేనంది. ఆ రోజు నేను ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టేశారు.

నాన్నకు అవి టీలో ముంచుకుంటే బాగున్నాయి. నాయనమ్మ ఒకటి కొరకబోయి పక్కన పెట్టేసింది.

"రెండుసార్లు కాల్చడమేంటే, ఒకసారి సరిగ్గా కాల్చడం చేతకాకా? ఇవి పళ్లున్నవాళ్లకి, నాకొద్దు," అంది.

నాన్నకు నచ్చాయి కాబట్టి అప్పట్నుంచి అవే చేయించాను. ఆ ఏడాది, మరుసటి ఏడాది కొంతకాలం నా జీవితం ఆ రెండు కాల్పుల మధ్యే గడిచింది.

అలా ఈజిప్టుదాకా వచ్చాను. అక్కడ ఒక బొమ్మ ఉంది. పండగ ముందు ఆడవాళ్లు ఇంట్లో బిస్కెట్లు ఒత్తి, రేకుల్లో పేర్చి, ఆ రేకులు తల మీద పెట్టుకుని వీధిలోని బట్టీకి నడిచి వెళ్తున్నారు. ముందు నడుస్తున్నావిడ వెనక్కి తిరిగి ఏదో అంటోంది, వెనకావిడ నవ్వుతోంది. నేను ఆ బొమ్మ చాలాసేపు చూశాను. వాళ్ల రేకులు కాలేదాకా వాళ్లేం చేస్తారో తెలుసుకోవాలనిపించింది. పేజీ తిప్పబోతుంటే గరిటె చప్పుడైంది. వచ్చేసారి చూద్దామని మూసేశాను.

వచ్చేసారి లేకుండా పోయింది. సీజన్ మొదట్లో బాబాయి బెజవాడ వెళ్లి కరెంటు ఓవెన్ తెచ్చాడు. గుండ్రటి అల్యూమినియం గిన్నె, మూతకు మధ్యలో అద్దం. ఎండలో డబ్బా మోసుకుంటూ నేను దొడ్డిదారిన రావడం అంతకుముందు ఎప్పుడో చూశాడట, మనసుకు కష్టమనిపించిందట. "ఇంక నీకా తిప్పలు లేవమ్మా," అన్నాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది. ఇంట్లోనే కాలుస్తాం కాబట్టి గుడ్డు భయం తీరిపోయిందని నాయనమ్మ ఓవెన్‌కు బొట్టు పెట్టింది. అందరూ నా ముఖం వంక చూస్తుంటే నేనూ నవ్వాను.

నడిమిగదిలో స్విచ్చి పక్కన స్టూలు వేసి ఓవెన్ పెట్టారు. నాకో పీట వేశారు. పట్టేది కొంచెమే కాబట్టి వాయి తర్వాత వాయి దింపాలి. వోల్టేజి తగ్గితే ఒక్కో వాయి ఎంతకీ కాలదు. వీధిలో పిన్నిగార్లు, వదినలు తలో గిన్నె పిండి కలిపి పట్టుకొచ్చేవాళ్లు. బట్టీ మీ ఇంటికే వచ్చిందే అని వేళాకోళం చేసేవాళ్లు. పక్కింటి వదిన అయితే, "నీకు మొగుడొచ్చినా ఆ అద్దంలోంచే చూస్తావేమో," అంది. నిజంగానే రోజంతా ఆ అద్దంలోకి చూస్తూ కూర్చునేదాన్ని. మూత కింద బిస్కెట్లు పొంగి, అంచులు ఎర్రబడి, ఉన్నచోటే ఆగిపోయేవి. వానలు వెళ్లాయి, చలి వెళ్లింది, మళ్లీ మామిడి పూత వచ్చింది. నేను దొడ్డి గుమ్మం దాటలేదు. అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. ఇక ఏమని అడగను?

ఆ వేసవిలో ఒక సాయంత్రం ముందు గదిలో కొనుగోలుదార్లకు టీ, రెండుసార్లు కాల్చిన బిస్కెట్లు పంపాం. నేను నడిమిగది తలుపు వెనక పళ్లెం కోసం నిలబడి ఉన్నాను. ఎవరో బిస్కెట్లు మెచ్చుకున్నారు. నాన్న గొంతు సంతోషంగా వినపడింది.

"మా అమ్మాయండీ. గడప దాటకుండా ప్రపంచంలో బిస్కెట్లన్నీ చేసేస్తుంది."

అందరూ మెచ్చుకోలుగా నవ్వారు. ఖాళీ పళ్లెం నా చేతికి వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టానో నాకు గుర్తు లేదు. వాళ్లు వెళ్లిపోయి నాన్న లోపలికి వచ్చి ఉయ్యాల బల్ల మీద కూర్చున్నాక, ఎవరూ ఏమీ అడగకుండానే నేను మాట్లాడాను.

"గడప దాటే నేర్చుకున్నాను నాన్నా. బట్టీ పక్క గ్రంథాలయంలో పుస్తకం ఉంది. సగంలో ఆగిపోయింది. నేను వెళ్లాలి."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గ్రంథాలయమా, మగవాళ్లుండే చోటా అని ఎవరో ఒకరు అంటారని నేను గట్టిగా నిలబడ్డాను. ముందు మాట్లాడింది నాయనమ్మ.

"అయితే బిస్కెట్లు కాలుతుంటే నువ్వు దగ్గర లేవా?"

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. లేనన్నాను. పిండి కలిపేటప్పుడు చూశానని, కాలేటప్పుడు పక్కింట్లో ఉన్నానని చెప్పాను. నాయనమ్మ ముఖం మారిపోయింది. ఇన్నాళ్లూ ఏం తిన్నామో ఎవరికి తెలుసు అంటూ లేచి, దొడ్లోకి వెళ్లి నోరు పుక్కిలించి వచ్చింది. తులసాకులు తెచ్చి తను వేసుకుని నాన్నకూ రెండు ఇచ్చింది. నాన్న నమిలాడు. నా చదువు, నా పుస్తకం, నా ఏడాది, అన్నీ ఆ గుడ్డు వెనక్కి వెళ్లిపోయాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి నాన్న, "సీజన్ అయిపోనీ, చూద్దాం," అన్నాడు.

మా ఇంట్లో సీజన్ అయిపోనీ అంటే కాదని చెప్పడమే. ఆ వేసవంతా నాయనమ్మ నాతో ముక్తసరిగా మాట్లాడింది. నేను అద్దంలోకి చూస్తూ కూర్చున్నాను.

వానలు పడి, కాయలు అయిపోయి, అరుగు ఖాళీ అయ్యాక ఒక రోజు భోజనాల దగ్గర నాయనమ్మ తనంతట తనే ఎత్తింది. ఆ బట్టీ సంగతేంటో తన కళ్లతో చూస్తేగాని తన మనసు ఊరుకోదంది. నాన్న తలూపాడు. ఆ మధ్యాహ్నం డబ్బా నేను, చేతికర్ర ఆమె పట్టుకుని దొడ్డి గుమ్మం దాటాం. సందులో రెండుచోట్ల ఆగింది.

బేకరీ ఆవిడను కోర్టులో సాక్షిని అడిగినట్టు అడిగింది. గిన్నెలు వాసన చూసింది. గుడ్లు పెట్టే గది తలుపు తీయించింది. ఆవిడ నవ్వుతూనే అన్నీ చూపించింది. అంతా అయ్యాక నాయనమ్మ బట్టీకి ఎదురుగా స్టూలు వేయించుకుని, కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నేను దగ్గరుంటాను. నువ్వెళ్లు. గరిటె మోగగానే వచ్చేయాలి," అంది.

బెంచీ అలాగే ఉంది. పుస్తకం ఇంకాస్త ఊడిపోయి ఉంది. ఈజిప్టు బొమ్మ తీసి, పేజీ తిప్పాను. రేకులు కాలేదాకా ఆ ఆడవాళ్లేం చేస్తారో అందులో లేదు. పిండి ఎంత, నెయ్యి ఎంత, ఖర్జూరం ఎంత అని మాత్రమే ఉంది. నేను ఏడాదికి పైగా దాచుకున్న ప్రశ్న అది. అది చదివి ఊరికే కూర్చున్నాను. కాసేపటికి గరిటె మోగింది.

ఇప్పటికీ నెలకొకసారి అలాగే వెళ్తున్నాం, సీజన్‌లో తప్ప. ఓవెన్ నడిమిగదిలోనే ఉంది, దాని పక్క నా పీటా ఉంది. సభ్యత్వం కాగితం మీద నాన్న సంతకం ఇంకా కాలేదు. మిగతా పుస్తకం నా రేకు కాలినంతసేపు నాది, అంతే.

రెండోసారి వెళ్లే ముందు రోజు మైదా జల్లిస్తూ, ఈసారి ఏవి చేయించను నాయనమ్మా, నీకిష్టమైనవి స్కాట్లండువి చేయించనా అని అడిగాను. ఆమె ఒత్తులు చేసుకుంటూ తలెత్తకుండా చెప్పింది.

"అవొద్దు. ఆ రెండుసార్లు కాల్చేవే చేయించు."