చెవి సాక్ష్యం

రైల్వే యార్డులో అందరూ ఆయన్ని సుత్తి బాబాయ్ అనేవారు. వాగి వాగి బుర్ర తినే రకం అనుకునేరు, నోరు విప్పి నాలుగు మాటలాడని మనిషి. ఆయన వేసేది నిజం సుత్తే. రైలు ఆగగానే పెట్టె పెట్టె దగ్గరా వంగి, ప్రతి చక్రం మీదా ఒక దెబ్బ వేసేవాడు. ఖంగుమంటే చక్రం మంచిది. మొద్దుగా పలికిందంటే లోపల పగులున్నట్టే. చూసింది నిజం, విన్నది అబద్ధం అంటారు లోకులు. ఇక్కడ మాత్రం కంటికి చిక్కని పగులు చెవికి చిక్కేది. ముప్పై ఏళ్ళుగా ఆయన చెవి మాటే చివరి మాట.

ఓ రోజు ఆ చెవిలో జోరీగ దూరినట్టయింది. లేచింది మొదలు ఒకటే ఖంగు. అది బయట మోగుతోందో, తన తలలోనే మోగుతోందో అంతుపట్టక అన్నం సయించలేదు. తేల్చుకుందామని భార్య చేతికి గరిటె, ఇత్తడి పళ్ళెం ఇచ్చి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

"నీకు తోచినప్పుడు కొట్టు. నేను చెప్తా."

కాసేపటికి, "ఇప్పుడు కొట్టావు కదూ?" అన్నాడు.

ఆమె గరిటె ఎత్తనే లేదు. కానీ ఆ పాలిపోయిన మొహం చూసి నిజం చెప్పలేకపోయింది.

"కొట్టానండీ. మీ చెవికేం, నిక్షేపంలా ఉంది."

పదిసార్లు అడిగితే పదిసార్లూ అదే మాట. వెర్రితల్లి, ధైర్యం చెబుతున్నాననుకుంది. ఆ పూట ఆయన కడుపునిండా తిన్నాడు.

వారం గడిచింది. ఓ సాయంత్రం, కిక్కిరిసిన రైలు. ఆరో పెట్టె దగ్గర సుత్తి ఎత్తాడు. ఖంగుమంది. పక్క చక్రానికి జరగబోతూ చేతివంక చూసుకున్నాడు. సుత్తి ఇంకా గాల్లోనే ఉంది.

అయితే ఆ పళ్ళెం? ఆ పదిసార్లూ?

సుత్తితో కొట్టి, చక్రం మీద అరచెయ్యి ఆనించాడు. అదురుతున్నది చక్రమో తన చెయ్యో తెలియలేదు.

"బాబాయ్, పంపేయనా?" గార్డు కేకేశాడు.

ఒక్క "ఊ" అంటే ఉద్యోగం నిలుస్తుంది. ఆయనకి ఏడుపొచ్చింది.

"వద్దు నాయనా, ఆపు!"

"ఏ చక్రం?"

"తెలీదు. నాకన్నీ మంచివిగానే మోగుతున్నాయి. వారం నుంచీ నేను పంపిన బళ్ళున్నాయే... వాటిని కూడా ఆపమను."